చిత్తడిని నదిగా చూపిన పుస్తకం

దక్షిణ ఫ్లారిడాలో ఉండే మన తెలుగువాళ్ళం చుట్టాలొస్తే ఎవర్‌గ్లేడ్స్‌కి తీసుకెళ్తాం. ఎయిర్‌బోటు ఎక్కిస్తాం, ఎలిగేటర్లని చూపిస్తాం. ఇంటికొచ్చాక కుళాయి తిప్పి మంచినీళ్ళిస్తాం. ఆ బురదకీ ఈ గ్లాసుకీ సంబంధం ఉందని మనలో ఎంతమందికి తోస్తుంది? ఆ సంబంధాన్ని 1947లోనే పుస్తకంగా రాసినావిడ మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్. పుస్తకం పేరు 'ది ఎవర్‌గ్లేడ్స్: రివర్ ఆఫ్ గ్రాస్'.

అమెరికా నదుల మీద వస్తున్న పుస్తకాల వరసలో మయామీ నది గురించి రాయమని ఆవిణ్ణి అడిగారు. ఆ చిన్న నదిని వదిలి ఆవిడ ఎవర్‌గ్లేడ్స్‌ని ఎంచుకున్నారు. అప్పటికి చాలామంది దృష్టిలో అది కాలవలు తవ్వి ఎండబెట్టాల్సిన పనికిరాని చిత్తడి. కాదు, అది నిలవనీరు కాదు, పారే నీరు అన్నారావిడ. ఒకీచోబీ సరస్సు నుంచి దక్షిణాన సముద్రం దాకా, మైళ్ళ వెడల్పున, కదులుతున్నట్టు కూడా కనపడనంత నెమ్మదిగా పారే లోతులేని నది. దాన్ని కప్పిన సా గ్రాస్ నిజానికి గడ్డి కాదు, మన తుంగ కుటుంబపు మొక్క. అయినా 'గడ్డి నది' అన్న ఆ పేరే పుస్తకం మొత్తంలో గొప్ప రచన అంటాను. చిత్తడిని ఎండబెడతామంటే అడ్డం పడేవాళ్ళుండరు. నదిని ఎండబెడతామంటే మాత్రం, అవి ఎవరి నీళ్ళని అడుగుతారు.

లోపం కూడా చెప్పుకోవాలి. పుస్తకంలో చాలా భాగం చరిత్రే: ఆదివాసులు, స్పెయిన్ వాళ్ళు, సెమినోల్ యుద్ధాలు. మధ్యలో ఓపిక కావాలి. అసలు ప్రమాదం గురించి గట్టిగా మాట్లాడేది చివరి అధ్యాయంలోనే. కాలవలు మంచినీటిని సముద్రంలోకి తోడేస్తే ఉప్పునీరు బావుల వైపు వచ్చింది. ఎండిన నల్లమట్టి నిప్పంటుకుని కాలింది. మయామీ తాగేది బిస్కేన్ భూగర్భజలాలు. వాటిని నింపడంలో ఎవర్‌గ్లేడ్స్ వాటా పెద్దది. కొంగల మీద ప్రేమ లేనివాడికైనా దాహం వేస్తుంది కదా! ఈ మాట మొదటి పేజీల్లోనే ఉండాల్సింది.

మరి పుస్తకం గెలిచిందా? సగమే. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ పార్కు ప్రారంభమైంది. మరుసటేడే వరదల్ని అదుపు చేసే భారీ కాలవల పథకానికి అనుమతి వచ్చింది. 1928 తుఫానులో కనీసం 2,500 మంది పోయిన చోట వరదంటే భయపడటం తప్పనలేం. కాని ఆ భయంతో 1962 నుంచి 1971 దాకా, 103 మైళ్ళు వంకర్లు తిరిగే కిసిమ్మీ నదిని 56 మైళ్ళ తిన్నటి కాలవగా మార్చారు. మళ్ళీ 1999లో మొదలుపెట్టి 2021 దాకా అందులో కొంత భాగానికి పాత వంకర్లు తెచ్చిపెట్టారు. నీటిపక్షులు తిరిగొచ్చాయి. తవ్వడానికి పట్టిన కాలానికి రెట్టింపు కాలం పూడ్చడానికి పట్టింది.

చదువుతున్నంతసేపూ నాకు కొల్లేరు గుర్తొచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదని పట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే సరస్సు అది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా చేపల చెరువుల గట్లు దాన్ని ముక్కలు చేశాయి. 2006లో ప్రభుత్వమే వాటిని పగలగొట్టాల్సి వచ్చింది. అక్కినేని కుటుంబరావు గారి నవల 'కొల్లేటి జాడలు' ఈ సరస్సు గురించే. డగ్లస్ నీటిని పైనుంచి చూస్తారు. కుటుంబరావు గారు ఆ నీటి మీద బతికే ఊళ్ళో నిలబడి చూస్తారు. నాకు రెండు చూపులూ కావాలి.

మన ప్రవాస రచనల్లో ఊరి చెరువు తరచూ కనిపిస్తుంది, కాని జ్ఞాపకంగానే. దానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవో, ఎవరు ఆపారో రాసినవి తక్కువ. ఇక్కడ మనం ఇళ్ళు కొనుక్కున్న పడమటి శివార్లు చాలావరకు ఒకప్పటి ఎవర్‌గ్లేడ్సే. దాని గురించి తెలుగులో రాయాల్సిన బాకీ మన మీద ఉంది.