పళ్ళెం మోసినావిడ

నవంబరు నాలుగో గురువారం దాటగానే అమెరికాలో ఉన్న మన పిల్లలు థాంక్స్‌గివింగ్ విందు ఫోటోలు పంపుతారు. అవి చూసినప్పుడల్లా నాకు నార్మన్ రాక్‌వెల్ వేసిన బొమ్మే గుర్తొస్తుంది. ఆ పండగంటే అక్కడివాళ్ళ కళ్ళముందు మెదిలేదీ అదే.

'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' అనే వారపత్రికలో 1943 మార్చి 6న అచ్చయింది. పేరు 'ఫ్రీడమ్ ఫ్రమ్ వాంట్' - లేమి నుంచి విముక్తి అన్నమాట. 1941లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ చెప్పిన నాలుగు స్వేచ్ఛల్లో ఇదొకటి.

బొమ్మ గొప్పదే, కాదనను. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, దానిమీద తెల్లటి పింగాణీ, గ్లాసుల్లో వట్టి మంచినీళ్ళు! తెలుపుమీద తెలుపు వేసి మెప్పించడం సామాన్యమైన విషయమా? ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడ ఇంతేసి టర్కీ కోడి ఉన్న పళ్ళేన్ని బల్లమీద దించుతోంది. వెనకాల పెద్దాయన. కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ఒకటే నవ్వులు. కృతజ్ఞతల పండగే గాని, చేతులు జోడించినవాళ్ళు మాత్రం కనబడరు.

అసలు సంగతి వినండి. ఆ పెద్దావిడగా నిలబడింది చిత్రకారుడింటి వంటమనిషి. ఆ కోడిని వండిందీ ఆవిడే! బొమ్మ అయ్యాక దాన్ని తినేశామని ఆయనే చెప్పుకున్నాడు. ఆవిడ ఏ వేళకి తిన్నదో ఎవరూ రాయలేదు. పండగనాడు వడ్డించే చేతికి ఆఖరి బంతే దక్కుతుందని మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

ఆ బొమ్మతోపాటు అదే సంచికలో ఒక వ్యాసం కూడా వచ్చింది. రాసినాయన కార్లోస్ బులోసాన్. ఫిలిప్పీన్స్ నుంచి వలసవచ్చి, పొలాల్లో కూలిపని చేసి కడుపు మాడ్చుకున్నవాడు. పండించినవాడికి పంట దక్కనంతకాలం లేమి పోదని ఆయన వాదం. బొమ్మేమో యుద్ధబాండ్ల పోస్టరై ఊరూరా వెలిసింది. వ్యాసాన్ని పండితులు తప్ప తలుచుకునేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ఆ రెండూ ఒకే బొమ్మకి రెండు సగాలు. ఒక సగమే గోడకెక్కింది.

మనమూ తిని లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అంటాం. ఎవర్ని చూసి? హాల్లో నిలబడి "ఇంకొంచెం వేయించుకోండి" అంటున్న ఇంటి యజమానిని చూసి! ఈసారి అనేముందు ఒక్కసారి వంటింటివైపు తిరగండి. అక్కణ్ణుంచి పొలందాకా చూపు సాగిందా, రాక్‌వెల్ వెయ్యని సగం కూడా కనిపిస్తుంది.