చదవడం ఒక్కసారే, చెప్పేది పిల్లలే

ఉక్తలేఖనం అనగానే మనకు గుర్తొచ్చేది ఎర్ర సిరా. టీచరు చెప్తూ పోతుంది, పిల్లలు రాస్తూ పోతారు, ఆఖర్న తప్పుల కింద గీతలు, పక్కన మార్కులు. షార్లెట్ మేసన్ నేర్పిన ఉక్తలేఖనంలో టీచరు చేతిలో జిగురు కాగితం ముక్కలుంటాయి. తపాలా బిళ్ల వెనక ఉంటుందే, ఆ రకం కాగితం. పిల్ల ఒక మాట తప్పు రాసిందో, వెంటనే దానిమీద ముక్క అంటించెయ్యాలి. తప్పు రూపం కంట్లో నిలబడకూడదని ఆ తొందర. పాఠం అయ్యాక పిల్ల పుస్తకం తీసి ఆ మాటను మళ్లీ చూసుకుంటుంది. ఇక వచ్చేసిందని తానే అన్నాక, అదే జిగురు కాగితం మీద దాన్ని సరిగ్గా రాస్తుంది. నోటుబుక్కులో చివరికి మిగిలేది సరైన మాటే.

చదువు చెప్పే పనిలో ఇంత సన్నటి పనితనం చూపించినవాళ్లు అరుదు. మేసన్ 1842లో పుట్టి 1923లో పోయిన బ్రిటిష్ ఉపాధ్యాయిని. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆమె తల్లిదండ్రుల కోసం ఇచ్చిన ఉపన్యాసాలు 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ అన్న పుస్తకంగా వచ్చాయి. 1891లో సరస్సుల సీమలోని ఆంబుల్‌సైడ్‌కు మకాం మార్చి, అక్కణ్నుంచి పోస్టు మీద ఒక బడి నడిపింది. ఇంట్లో చదువుకునే పిల్లలకు ప్రతి టర్ముకూ చదవాల్సిన పుస్తకాల జాబితా, టైంటేబులు వెళ్లేవి. టర్ము చివర ప్రశ్నపత్రం వెళ్లేది. పాఠం చెప్పేది తల్లో, ఇంట్లో పెట్టుకున్న గవర్నెస్సో. ఆ గవర్నెస్సులకు శిక్షణ ఇవ్వడానికి 1892లో అదే ఊళ్లో ‘హౌస్ ఆఫ్ ఎడ్యుకేషన్’ తెరిచింది. అంటే ఆమె పద్ధతి పుట్టిందే ఇంటి కోసం. నల్లబల్ల ముందు యాభైమంది ఉండరు, ఒక బల్ల దగ్గర ఒకరో ముగ్గురో పిల్లలు, ఒక పుస్తకం, చదివి వినిపించే ఒక పెద్దమనిషి. సరంజామా అంతే.

పద్ధతికి గుండెకాయ చదివింది తిరిగి చెప్పించడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే గానీ అందులోని కట్టుదిట్టం తెలియదు.

పదేళ్ల పిల్లలకు ఆమె ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన మహాపురుషుల జీవితాలు పెట్టింది. అలెగ్జాండరు చరిత్రలో గుర్రం ఘట్టం తీసుకుందాం. తల్లి ముందు క్రితం పాఠం ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తుంది. గుర్రం పేరు బ్యూసిఫలస్, రాజు పేరు ఫిలిప్ అని పలక మీద రాసి చూపిస్తుంది. లేకపోతే చదువు మధ్యలో నోరు తిరగని పేరు దగ్గర పిల్లాడి ధ్యాస ఆగిపోతుంది. ఇవాళ ఒక పొగరుబోతు గుర్రం సంగతి వస్తుందని కాస్త ఊరిస్తుంది. ఇక అర్థాలూ వివరణలూ ఏమీ లేవు, చదవడమే. థెస్సలీ వర్తకుడు గుర్రానికి 13 టాలెంట్లు అడగడం, అది ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోవడం, రాజు విసుక్కోవడం, పిల్లాడైన అలెగ్జాండరు పందెం కాయడం, గుర్రాన్ని సూర్యుడి వైపు తిప్పి దాని నీడ దానికి కనపడకుండా చేసి లొంగదీసుకోవడం. రెండు పేజీలు, ఒక ఘట్టం. చదివేది ఒక్కసారే.

ఈ ఒక్కసారి అన్న నియమం కర్కశంగా కనిపిస్తుంది గానీ నా లెక్కన మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా దయగల నియమం అదే. మళ్లీ చదువుతారని తెలిసిన పిల్లాడు మొదటిసారి వినడు. రెండోసారీ సగమే వింటాడు. మళ్లీ రాదని తెలిస్తే ఒళ్లంతా చెవులు చేసుకుంటాడు. అలా వినడానికి ఎక్కువసేపు ఓపిక ఉండదు కాబట్టి చిన్నపిల్లలకు పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు దాటకూడదంది. చదువు పొద్దుటిపూటే. మధ్యాహ్నమంతా ఆరుబయట.

చదవడం అయ్యాక తల్లి పుస్తకం మూసి, చెప్పు అంటుంది. పిల్లాడు మొదలెడతాడు. “అప్పుడేమో గుర్రం ఎవర్నీ ఎక్కనివ్వలేదు. అప్పుడేమో రాజుకి కోపమొచ్చింది. అప్పుడేమో అలెగ్జాండరు నేనెక్కుతానన్నాడు. అప్పుడేమో దాన్ని ఎండవైపు తిప్పి ఎక్కేశాడు.” ఇక్కడ పెద్దవాళ్లకు నాలుక దురద పెడుతుంది. ఎన్నిసార్లు అప్పుడేమో అంటావురా అనాలనిపిస్తుంది. అనకూడదని మేసన్ గట్టిగా చెప్పింది. ఇంగ్లీషు పిల్లల నోట అంతులేకుండా వచ్చే ‘అండ్’ గురించి ఆమె రాసింది, అది కొన్నాళ్లకు దానంతటదే రాలిపోతుందని. మధ్యలో ఆపితే రాలేది మాత్రం కథ.

ఆపకపోతే ఏమవుతుంది? ఎండవైపు తిప్పాడు అన్నాక పిల్లాడే ఆగుతాడు. ఎండవైపు తిప్పితే గుర్రం ఎందుకు లొంగింది? తను చెప్పినదాంట్లో అది లేదు. “ఆగు, మర్చిపోయా. అది దాని నీడ చూసి బెదురుతోంది. అది ఎవరూ చూళ్లేదు, అలెగ్జాండరొక్కడే చూశాడు.” కారణం లేకుండా కార్యం నిలబడదని ఆ పిల్లాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. తన కథ తన నోట్లోనే కూలబోతుంటే తానే నిట్టాడు వేసుకున్నాడు. మళ్లీసారి ఏ కథ చెప్పినా అలాంటి నీడను ముందే ఎక్కడో ఒకచోట పెట్టుకుంటాడు. వర్తకుడు చెప్పిన ధర ఉంచాలా వదిలేయాలా, రాజు కోపం ఒక మాటలో చెప్పాలా నాలుగు మాటల్లోనా, ఇవన్నీ రచయితలు తలలు పట్టుకునే విషయాలే. పదేళ్లవాడు కలం ముట్టకుండా వాటిని నోటితో తేల్చుకుంటున్నాడు. పైగా ప్లూటార్క్ మాటలు కొన్ని వాడికి తెలియకుండానే వాడి మాటల్లోకి వచ్చి చేరుతాయి.

ప్రశ్నలెందుకు వేయకూడదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. గుర్రం దేన్ని చూసి బెదిరింది అని తల్లి అడిగేస్తే, ఏది ముఖ్యమో ఏరే పని తల్లి చేసేసినట్టే. పిల్లాడికి మిగిలేది ఖాళీ పూరించడం. మన గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు మనవాళ్లకు తరతరాలుగా చేస్తున్నది అదే. పదిహేనేళ్లు చదివాక కూడా సొంతంగా ఒక పేజీ రాయమంటే చేతులు ఆడకపోవడం తెలివి లేక కాదు, ఏరుకునే పని ఎప్పుడూ వాళ్ల చేతికి రాలేదు గనక.

ఆరేళ్లలోపు పిల్లల్ని చెప్పమని అడగకూడదు. తర్వాత మూడు నాలుగేళ్లు నోటితోనే. చిన్నపిల్లల టర్ము పరీక్షలకు కూడా వాళ్లు చెప్తుంటే పెద్దవాళ్లు రాసేవారు. తొమ్మిది, పదేళ్లకు చెప్పేదే రాయడం మొదలవుతుంది. రాయడమనే అడ్డంకి వచ్చేసరికి చెప్పడం బాగా వచ్చేసి ఉంటుంది. వ్యాసరచన అని విడిగా పాఠం పెట్టడం ఆమెకు అస్సలు ఇష్టం లేదు. పెద్ద తరగతుల్లో మాత్రం చేతికి రకరకాల పని పెట్టింది: టైమ్స్ పత్రికకు ఉత్తరం, ఆ టర్ములో చదివిన పాత్రల మధ్య సంభాషణ, వర్తమాన సంఘటన మీద గేయకథ, సంక్షేపం. ఈ జాబితా చూసినప్పుడు నాకు ముచ్చటేసింది. ఇందులో ప్రతి పనికీ చదివిన పుస్తకమో జరుగుతున్న లోకమో సరుకుగా ఉంది. గాలిలోంచి వ్యాసం తియ్యమని ఎవరినీ అడగలేదు.

చూచిరాతకు ఆమె ఇచ్చిన రూపం మనం నేర్చుకోదగ్గది. మన బళ్లలో చూచిరాత అంటే అక్షరాలు ముత్యాల్లా ఉండడం. ఆమెకు దస్తూరీ మీద పట్టింపు ఉంది, కొంచెమే రాసినా అందంగా రాయాలంది. కానీ చూచిరాత వెనక ఉద్దేశం వేరు. ఏడెనిమిదేళ్ల పిల్ల తనకు నచ్చిన పద్యంలో ఒక చరణం ఎంచుకుంటుంది. ఒక మాటను చూస్తుంది, కళ్లు మూసుకుని అది కనిపిస్తోందో లేదో చూసుకుంటుంది, అప్పుడు రాస్తుంది. ఉక్తలేఖనం దీని అక్క. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల ఒక పేరా ముందే చదువుకుని, తనకు అనుమానమున్న మాటలేవో తానే చెప్తుంది. టీచరు వాటిని నల్లబల్ల మీద రాసి, పిల్ల చూసుకున్నాక చెరిపేస్తుంది. అంతా పది నిమిషాల పని. తర్వాత వాక్యాన్ని ముక్కలుగా చెప్తుంది. కామా, ఫుల్‌స్టాప్ అని నోటితో అనకూడదు. గొంతు ఎక్కడ ఆగిందో విని పిల్లలే పెట్టుకోవాలి. పిల్లల్ని తప్పులో పడేసి పట్టుకోవడానికి పెట్టే పరీక్ష కాదిది, తప్పుకు చోటివ్వకుండా చేసే సాధన. మొదట చెప్పిన జిగురు కాగితం అవసరం అరుదుగానే పడుతుంది.

లోపం లేదనను. నలుగురు పిల్లలుంటే వంతులవారీగా చెప్తారు, ఒకరు వదిలింది ఇంకొకరు అందుకుంటారు. ఒక్క పిల్లాడే ఉన్న ఇంట్లో ప్రతి పాఠం బరువూ వాడిమీదే. సహజంగా మాట పెగలని పిల్లలకు ఇది మొదట్లో నరకం కావచ్చు. అలాంటివాళ్లకు బొమ్మ వేయించో, బొమ్మలతో ఆడించో చెప్పించే తల్లులు ఇవాళ ఉన్నారు, వాళ్లు చేసేది సబబే. ఇంకో మాట, పుస్తకం మంచిది కాకపోతే ఈ పద్ధతి ఒక్కరోజు నిలవదు. నీరసంగా రాసిన పాఠాన్ని తిరిగి చెప్పడం ఎవరివల్లా కాదు. పిల్లల కోసమని పలచన చేసిన పుస్తకాలంటే ఆమె మండిపడింది అందుకే.

ఇది కలవారి ఇళ్ల ముచ్చటే అనుకోవద్దు. 1914 ప్రాంతంలో యార్క్‌షైర్‌లోని డ్రిగ్లింగ్టన్ అనే గని కార్మికుల ఊరి బడిలో ఇవే పుస్తకాలు, ఇదే పద్ధతి పెట్టారు. ఆ పిల్లలూ షేక్‌స్పియర్ కథలు ఇష్టంగా చెప్పారు. తర్వాత కొన్ని దశాబ్దాలు మేసన్ పేరు మరుగున పడింది. 1984లో సుజాన్ షేఫర్ మెకాలే రాసిన ‘ఫర్ ద చిల్డ్రన్స్ సేక్’తో అమెరికాలో ఇంటి చదువుల తల్లిదండ్రులు ఆమెను మళ్లీ పట్టుకున్నారు. 1989లో మేసన్ రాసిన ఆరు సంపుటాలూ అక్కడ మళ్లీ అచ్చయ్యాయి.

పిల్లలతో ఇంట్లో తెలుగు చదివించాలనుకునేవాళ్లు, ఊళ్లో ఉన్నా విదేశాల్లో ఉన్నా, ఈ పని రేపే మొదలుపెట్టుకోవచ్చు. చిన్నవాళ్లకు పాత చందమామ కథలు బాగా పనికొస్తాయి. పేజీ, రెండు పేజీల్లో ఒక సంఘటన ముగుస్తుంది, అనవసరమైన వాక్యం ఉండదు. పదేళ్లు దాటితే పురిపండా అప్పలస్వామి వాడుక భాషలో రాసిన భారతం. చిన్నయసూరి నీతిచంద్రికను పద్నాలుగేళ్లదాకా ఆపమంటాను. అప్పటికి వాక్యం రుచి తెలుస్తుంది, ఆ కట్టడాన్ని చూచిరాతగా రోజుకు నాలుగు వాక్యాలు రాసుకున్నా చాలు. ఏది తీసుకున్నా ఘట్టం ముగిసేచోట ఆపండి, ఒక్కసారే చదవండి, పిల్లలు అప్పుడేమో అంటున్నంతసేపూ ఊరుకోండి.