చాట ముందు పెరిగిన పిల్లలు

చలం 'బిడ్డల శిక్షణ'ని నేను మూడుసార్లు చదివాను. డిగ్రీలో ఒకసారి, పిహెచ్‌డి పనిలో ఒకసారి, నా కూతురికి నాలుగేళ్లు వచ్చినప్పుడు మరోసారి. మూడుసార్లూ నచ్చింది. పిల్లల్ని కొట్టొద్దనీ, భయపెట్టొద్దనీ, పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కాదనీ అంత గట్టిగా తెలుగులో చెప్పినవాళ్లు ఆయనకు ముందు అరుదు. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి గనక బెత్తం సంగతి ఆయనకు దగ్గరగా తెలుసు. అయితే మూడో చదువులో నా కళ్లు ఒకచోట ఆగాయి. ఆ పుస్తకంలోని తల్లి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమెకు జ్ఞానం లేకపోవచ్చు, స్వేచ్ఛ లేకపోవచ్చు, అత్త పోరూ మొగుడి అధికారమూ ఉండొచ్చు. కానీ బిడ్డ వైపు తిరిగి మాట్లాడడానికి ఆమెకు పొద్దు ఉంది. చలం ఆమె మనసు మార్చాలనుకున్నాడు. ఆమె పొద్దు ఎవరి చేతిలో ఉందని అడగలేదు.

చలాన్ని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. ఆయన తనకు తెలిసిన ఇళ్ల గురించి రాశాడు. నా పేచీ తర్వాత వచ్చినవాళ్లతో. 1990ల నుంచి మన పత్రికల అనుబంధాల్లో, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో 'పేరెంటింగ్' ఒక పెద్ద సరుకైంది. అందులో అమెరికా మనస్తత్వవేత్త డయానా బౌమ్రిండ్ 1960లలో చేసిన విభజన పేరు లేకుండా తిరుగుతూ ఉంటుంది: కఠినంగా పెంచేవాళ్లు, వదిలేసేవాళ్లు, ప్రేమా క్రమశిక్షణా కలిపి పెంచేవాళ్లు. ఆమె మొదట పరిశీలించింది బర్కిలీ ప్రాంతపు నర్సరీ స్కూలు పిల్లల్ని. ఎక్కువమంది తెల్లజాతి మధ్యతరగతి ఇళ్ల వాళ్లు. ఆ మూడు గదుల్లోకి కోరుట్లనీ ఉట్నూరునీ తోసేస్తే ఏమవుతుందో ఒక సెమినార్‌లో విన్నాను. కింది కులాల ఇళ్లలో, తండాల్లో, గూడేల్లో పిల్లల సామాజిక వికాసం కుంటుపడడానికి కారణం తల్లిదండ్రులకు పెంపకం తెలియకపోవడమేనని ఒక వక్త నింపాదిగా చెప్పి కూర్చున్నారు. టీ విరామంలో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. అది నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది.

పాత కరీంనగర్ జిల్లాలో కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వైపూ, ఆదిలాబాద్‌లో నిర్మల్ వైపూ ఇల్లంటే కార్ఖానా కూడా. తునికాకు, తంబాకు, దారం, కత్తెర, చాట ఉంటే చాలు. బీడీలు చుట్టేది దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కూలి వెయ్యి లెక్కన వస్తుంది గనక గంటలకు లెక్కలేదు. మా అమ్మ కూడా ఆ చాట ముందే కూర్చుంది. ఆమె వేళ్లు ఆగేవి కావు, నోరు మాత్రం ఖాళీయే. అందుకే నాకు తెలిసిన సామెతలు, వరసలు, ఊరి తగాదాలు, ఎవరింట్ల ఎవరు చెడ్డరు, ఎవరు బాగుపడ్డరు, అన్నీ అక్కడ విన్నవే. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక వాకిట్లో చేరి చుడుతుంటే చిన్నపిల్లలం మధ్యలో తిరిగేవాళ్లం. ఎవరికి ఆకలైతే ఎవరో ఒకరు పెట్టేవాళ్లు. ఒరిస్సాలో భువనేశ్వర్ కుటుంబాల మీద సుసాన్ సేమూర్ 1999లో రాసిన పుస్తకంలో, బిడ్డ ఒక్క తల్లికే కాక చాలామంది చేతుల్లో పెరగడం గురించి చదివినప్పుడు నాకు ఆ వాకిలే కనబడింది.

కానీ ఆ వాకిలిని అందమైన బొమ్మగా గీసి ఊరుకోలేను. మా అన్న ఆడుకోడానికి పోయేవాడు. నేను బీడీల చివరలు మడిచేదాన్ని. కట్టలు తీసుకుని కంపెనీకి పోయేటప్పుడు అమ్మ నన్నే వెంట తీసుకుపోయేది. ఛాటన్ చేసే మనిషి కట్టలకు కట్టలు పక్కన పడేస్తుంటే, 'అన్నా, ఈ ఒక్కసారి' అనే మాట నాతో అనిపించేది. చిన్నపిల్ల అడిగితే మనసు కరుగుతదని. ఒక్కోసారి కరిగేది. అపరిచితుల ముందు మాట్లాడడం, మొహం చూసి మాట మార్చడం, లెక్క తప్పితే పట్టుకోవడం నాకు అక్కడే వచ్చాయి. వికాస పుస్తకాల భాషలో ఇవన్నీ 'సామాజిక నైపుణ్యాలు'. బతిమాలడం నేర్చుకున్న పిల్లకు పెద్దయ్యాక హక్కుగా అడగడం ఎంత కష్టమో మాత్రం ఆ పుస్తకాలు చెప్పవు.

చట్టం కూడా కుటుంబాన్ని ఇట్లాగే అమాయకంగా చూసింది. 1986 బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించకూడని పనుల పట్టికలో బీడీల తయారీని చేర్చింది. అదే చట్టంలో, ఇంటి మనిషి తన కుటుంబం సాయంతో నడుపుకునే చోటికి ఆ నిషేధం వర్తించదని మినహాయింపు కూడా ఇచ్చింది. పని జరిగేదే ఇంట్లో అయినప్పుడు నిషేధం దేనికి? 2016 సవరణలో కూడా ప్రమాదం లేని పనుల్లో, బడి వేళల తర్వాత కుటుంబానికి సాయపడవచ్చన్న వెసులుబాటు మిగిలింది. ఇంటి గడప దాటి లోపలికి వస్తే అది పని కాదు, 'సాయం' అన్న ఊహ దీని వెనక ఉంది. ఇంటిపని విలువ గురించి స్త్రీవాదులు దశాబ్దాలుగా చెప్తున్నది ఆడపిల్లల బాల్యం విషయంలో మనమే సరిగా అన్వయించలేదేమో. ఆ 'సాయం'లో ఎక్కువ భాగం ఎవరి వేళ్ల మీద నడిచిందో ఆ వాకిళ్లలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు.

తెలుగులో పెంచడం వేరు, పెరగడం వేరు. సిద్ధాంత గ్రంథం పనిలో తిరిగేటప్పుడు 'బిడ్డను ఎట్ల పెంచినవమ్మా' అని అడిగితే ఒక పెద్దమ్మ నవ్వింది. 'పెంచుడేంది బిడ్డా, పెరిగింది' అంది. సెమినార్ వక్త వింటే దాన్ని నిర్లక్ష్యమని రాసుకునేవారు. నాకు అందులో వినయం వినపడింది, అలసట కూడా వినపడింది.

మన సాహిత్యం ఈ ఇళ్లను ఎంతవరకు చూసింది? పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' నవలను నేను ముఖ్యంగా పెంపకం గురించిన నవలగా చదువుతాను. ఇమాం ఎలుగుబంటిని ఆడించి బతికే మనిషి. భార్య బీబమ్మ, కొడుకు చాంద్, ఇంట్లో మరో బిడ్డ లాంటి షాదుల్ అనే ఎలుగుబంటి. సర్కారు భూమి వస్తుందన్న ఆశతో కొడుకు ఎలుగును వదిలించుకోవాలంటాడు. తండ్రికి అది తన చేయి నరుక్కోవడం. కొడుకు చెడ్డవాడూ కాదు, తండ్రి పెంపకం లోపమూ కాదు. బతుకుతెరువు మారాలని పైనుంచి వచ్చిన మాట తండ్రీకొడుకుల మధ్య పెట్టిన చిచ్చు అది. కుటుంబంలో బతుకుతెరువు కూడా ఒక మనిషేనని, అది కదిలితే వరసలన్నీ కదులుతాయని ఇంత నేరుగా చూపిన నవల మనకు ఎక్కువ లేదు. బీబమ్మ విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. ఇద్దరి మధ్యా నలిగే తల్లిగా ఆమెను నమ్ముతాం. ఆమె తనకోసం ఏం కోరుకుందో తెలుసుకునేంత దూరం నవల ఆమెతో నడవదు.

గల్ఫ్ కథల్లో ఈ కొరత ఇంకా పెద్దది. దుబాయి, మస్కట్, సౌదీ పోయిన తండ్రుల దుఃఖం మీద కరీంనగర్ నుంచి మంచి రచనలు వచ్చాయి. ఇక్కడ మిగిలిన భార్య మాత్రం నేను చదివిన వాటిలో ఎక్కువగా ఎదురుచూసే మనిషి, లేదా ఊరు అనుమానించే మనిషి. ఆమె ఒంటరిగా పిల్లల్ని బడిలో వేసింది, అప్పులవాడికి జవాబు చెప్పింది, జ్వరం వస్తే రాత్రిపూట ఆటో మాట్లాడుకుంది. ఇంత చేసినా బిడ్డ పెళ్లి విషయం పాలివాళ్లు తేల్చేవాళ్లు. తండ్రి మొదట్లో క్యాసెట్‌లో రికార్డు చేసి పంపిన గొంతు, తర్వాత ఎస్టీడీ బూత్‌లో వినపడ్డ గొంతు, ఇప్పుడు వాట్సాప్‌లో కనపడే ముఖం. అధికారం అక్కడుంది, పని ఇక్కడుంది. ఈ రెండూ విడివిడిగా ఉన్న ఇంట్లో పిల్లలు మగతనం అంటే ఏమని నేర్చుకుంటారన్నది పెద్ద కథావస్తువు. ఎవరైనా రాస్తే బాగుండును. రాసేది ఆ ఇంటి బిడ్డ అయితే మరీ మంచిది.

సింగరేణి గనుల కాలనీల సంగతి వేరుగా రాయాలి. ఒక్కటి చెప్తాను. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గానీ ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. వారసత్వ ఉద్యోగం అంటే కొడుకు, కాదంటే అల్లుడు అని వింటూ పెరిగిన గోదావరిఖని, మందమర్రి ఆడపిల్లలు ఇంట్లో తమ విలువను ఎట్లా కొలుచుకున్నారో ఊహించండి. అక్కడ పెంపకాన్ని కంపెనీ రూల్సు కూడా చేశాయి.

ఏకుల బుట్ట అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. గోగు శ్యామల తన కథకూ సంపుటికీ 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం' అన్న సామెతను పేరుగా పెట్టుకుంది. తండ్రి వెళ్లిపోయిన ఇంటిని బిడ్డ కళ్లతో చూపిన కథ అది. ఆమెది తాండూరు వైపు, మా జిల్లా కాదు. కానీ మా వాకిలికి అంత దగ్గరగా వచ్చిన కథ నాకు ఇంకొకటి దొరకలేదు. ఆ సామెతను మనం తల్లి ప్రేమకు కితాబుగా వాడుతాం. చూడండి, తండ్రిని కొలిచింది ఏనుగుతో, తల్లిని కొలిచింది ఆమె పనిముట్టుతో. ఏకులంటే వడకడానికి చుట్టిపెట్టిన దూది. మా దగ్గరైతే ఆ బుట్ట స్థానంలో చాట ఉండేది. శ్యామల కథలో తల్లి గొప్పతనం వర్ణనలో లేదు, ఆమె పొద్దంతా ఎక్కడెక్కడ ఖర్చయిందో చూపడంలో ఉంది. చలం పుస్తకంలో నాకు దొరకనిది సరిగ్గా ఇదే.

ఆదిలాబాద్‌కు వస్తే 'ఇల్లు' అనే మాటే మారిపోతుంది. గోండు పిల్లలకు సంబంధాలంటే అమ్మా నాన్నలతో మొదలై వాళ్లతో ఆగిపోయేవి కావు. నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్లవాళ్లు అన్న సగల లెక్కతో ఎవరు అన్నదమ్ములో, ఎవరితో పరాచికాలాడొచ్చో, ఎవరితో పెళ్లి కుదరదో చిన్నప్పుడే తెలిసిపోతుంది. దీపావళి రోజుల్లో దండారీ బృందాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అతిథులుగా పోతాయి. గుస్సాడీల వెనక నడిచే పిల్లలకు అతిథిగా ఎట్లా ఉండాలో, ఆతిథ్యం ఎట్లా ఇవ్వాలో ఎవరూ పాఠం చెప్పరు. ఆడపిల్లలకు ఈ లోకంలో కూడా హద్దులున్నాయి, అది మరిచి పొగడడం నాకు ఇష్టం లేదు.

ఈ పిల్లల్ని ఐదారేళ్లకే ఆశ్రమ పాఠశాలకు పంపిస్తారు. తల్లి నుంచి దీర్ఘకాలం విడిపోయిన పిల్లల గురించి జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాసింది 1951లో, యుద్ధం తర్వాత. దాన్ని ఉద్యోగాలకు పోయే తల్లుల మీద ఎంతమంది ప్రయోగించారో మనకు తెలుసు. హాస్టల్లో తన భాష తెలియని వార్డెన్ ముందు నిలబడ్డ గోండు పిల్లకు దాన్ని అన్వయించడం నేను వినలేదు. పైగా పిల్ల బెంగపడి ఇంటికి పారిపోతే తల్లిదండ్రులకు చదువు మీద పట్టింపు లేదంటారు.

వేరే దారి అసలు లేకపోలేదు. 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేయించాడు. ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఆరు దశాబ్దాల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషల్లో, గోండి, కొలామి కూడా కలిపి, మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. ఈసారి తెలుగు లిపిలో. అట్లాంటి వాచకం చేతికి దొరికితే నేను ముందు చూసేది 'నా కుటుంబం' పాఠాన్ని. ఆ బొమ్మలో ఎంతమంది ఉన్నారు, తల్లి చేతిలో ఏముంది, తండ్రి ఎక్కడున్నాడు, నాయనమ్మకు చోటు దొరికిందా అని. మీలో బడుల్లో, డైట్ కాలేజీల్లో పనిచేస్తున్నవాళ్లు మీ దగ్గరున్న పాత వాచకాల్లో ఆ పేజీ తీసి చూడండి. జిల్లా పేరూ, సంవత్సరమూ రాసి పంపితే వచ్చే సంచికలో వాటినన్నిటినీ పక్కపక్కన పెట్టి రాయాలని ఉంది.