నూట ఎనభై మంది నవ్వు

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు నాయకత్వం నేర్పే పుస్తకాల్లో ఒక కథ తరచుగా కనిపిస్తుంది. దాదాపు రెండున్నర వేల ఏళ్ల కిందటి చైనా. 'యుద్ధకళ' రాసిన సన్ జూ వూ రాజ్యానికి వస్తాడు. రాజు హోలూ అతని పదమూడు అధ్యాయాలూ చదివి, ఈ సూత్రాలను ఆడవాళ్ల మీద ప్రయోగించి చూపగలవా అని అడుగుతాడు. చూపగలనంటాడు సన్ జూ. అంతఃపురం నుంచి 180 మంది స్త్రీలను రప్పిస్తారు. వాళ్లను రెండు దళాలుగా విడదీసి, రాజుకు బాగా ఇష్టమైన ఇద్దరిని దళాలకు నాయకురాళ్లను చేసి, అందరి చేతికీ ఆయుధాలిస్తాడు. కుడి అంటే ఎటు తిరగాలో, ఎడమ అంటే ఎటు తిరగాలో చెబుతాడు. భేరి మోగుతుంది. ఆడవాళ్లు పకపకా నవ్వుతారు.

ఆజ్ఞ స్పష్టంగా లేకపోతే తప్పు సేనానిదే అంటాడు సన్ జూ. మళ్లీ వివరిస్తాడు. మళ్లీ భేరి, మళ్లీ నవ్వు. స్పష్టంగా చెప్పినా జరగకపోతే తప్పు దళనాయకులది అని ఆ ఇద్దరి తలలూ నరికించమంటాడు. వాళ్లు లేకపోతే నాకు తిండి రుచించదు, చంపవద్దు అని రాజు కబురు పంపుతాడు. సేనానిగా నియమించాక రాజు మాటలు కొన్నింటిని పాటించనక్కర్లేదని చెప్పి, సన్ జూ అనుకున్నది చేసేస్తాడు. తర్వాతి ఇద్దరిని ముందు నిలబెట్టి మూడోసారి భేరి కొట్టిస్తాడు. ఈసారి అందరూ కుడికి తిరిగారు, ఎడమకు తిరిగారు, మోకాళ్ల మీద కూర్చున్నారు, లేచారు. ఒక్కరి నోటా చప్పుడు లేదు.

ఒక కళాశాల మేనేజ్‌మెంట్ సెమినార్‌లో ఈ కథను 'నాయకత్వం' అనే శీర్షిక కింద తెర మీద చూశాను. దాన్నుంచి మూడు పాఠాలు తీశారు. సూచనలు స్పష్టంగా ఇవ్వాలి. ఫలితానికి మధ్యస్థాయి మేనేజర్లను బాధ్యుల్ని చేయాలి. యజమాని జోక్యాన్ని ఒప్పుకోకూడదు. హాల్లో సగం మందికి పైగా అమ్మాయిలే. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. తెగిపడిన ఆ రెండు తలల గురించి ఎవరూ అడగలేదు. కథను ఎవరి కళ్లతో వింటున్నామో ముందే నిర్ణయమైపోయింది కాబట్టి ఆ ప్రశ్న పుట్టదు. విన్న ప్రతి ఒక్కరూ తమను సన్ జూ స్థానంలోనే ఊహించుకుంటారు. ఆ నూట ఎనభై మందిలో ఒకరుగా ఊహించుకోమని ఎవరూ చెప్పరు.

నిజానికి ఈ కథ 'యుద్ధకళ' పదమూడు అధ్యాయాల్లో లేదు. సన్ జూ కాలంగా చెప్పేదానికి నాలుగు వందల ఏళ్ల తర్వాత చరిత్రకారుడు సిమా చియాన్ తన గ్రంథంలో రాశాడు. 1972లో షాన్‌డాంగ్‌లో ఒక సమాధి తవ్వినప్పుడు దొరికిన వెదురు పలకల్లోనూ ఈ కథ తునకలుగా ఉంది. సన్ జూ అనే మనిషి అసలు ఉన్నాడా అనే విషయంలోనే పండితులకు ఏకాభిప్రాయం లేదు. 1910లో లయొనెల్ జైల్స్ తన ఇంగ్లీషు అనువాదానికి రాసిన పీఠికలో ఈ కథను చేర్చాడు. అలా పుస్తకంలో లేని కథ పుస్తకానికి ముఖద్వారమై కూర్చుంది.

సిమా చియాన్ అదే అధ్యాయంలో ఇంకో సేనాని కథ కూడా చెప్పాడు. అతని పేరు వూ చీ. శత్రురాజ్యపు ఆడపిల్లను పెళ్లాడినందుకు లూ రాజ్యంలో అతన్ని అనుమానించారు. తన విధేయతను రుజువు చేసుకోవడానికి అతను భార్యను చంపి సేనాని అయ్యాడు. ఒకే అధ్యాయంలో ఇద్దరు వ్యూహకర్తల ఉద్యోగాలు ఆడవాళ్ల శవాల మీదుగా ఖాయమయ్యాయి. సెమినార్ తెర మీదికి సన్ జూ వచ్చాడు గానీ, పక్కనే ఉన్న వూ చీ రాలేదు. అతని కథలోంచి పాఠం తీయడం కాస్త కష్టం మరి.

ఆ స్త్రీలు ఎందుకు నవ్వారు? సన్ జూ ఆ మాట అడగలేదు. ఆజ్ఞ అర్థం కాలేదనుకుని, అదే ఆజ్ఞను మళ్లీ చెప్పాడు. కుడి చేయి ఏదో ఎడమ చేయి ఏదో తెలియనివాళ్లా వాళ్లు! రాజుగారి వినోదం కోసం తెచ్చినవాళ్లకు, ఇవాళ్టి వినోదం ఇంకో రకంగా ఉందని తెలిసి నవ్వొచ్చి ఉండొచ్చు. వాళ్లు సైన్యంలో చేరతామనలేదు. వాళ్లకు జీతం లేదు. రాని యుద్ధానికి కవాతు చేయమన్నారు. ఆ ఏర్పాటు మొత్తం మీద అక్కడ వినిపించిన ఒకే ఒక విమర్శ ఆ నవ్వు. మూడోసారి వచ్చిన నిశ్శబ్దాన్ని శిక్షణ ఫలితంగా లెక్కవేయడం నేర్చుకున్న మనిషి, రేపు తన ఆఫీసులో మాట్లాడని ఆడవాళ్లను చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. అనుకుంటుంది కూడా.

ఆ పదమూడు అధ్యాయాల్లో పనికొచ్చేది లేదని నేననను. యుద్ధం లేకుండా గెలవడమే మేలంటుంది మూడో అధ్యాయం. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన వాక్యం చివరి అధ్యాయం మొదట్లో ఉంది. లక్ష మంది సైన్యం కదిలితే ఏడు లక్షల కుటుంబాల పనులు ఆగిపోతాయంటాడు. ఎనిమిది ఇళ్లలో ఒక ఇంటి నుంచి మనిషి యుద్ధానికి పోతే, మిగిలిన ఏడు ఇళ్లు అతన్ని మోయాలని పాత వ్యాఖ్యాతలు లెక్క చెప్పారు. యుద్ధానికి ఇంటి చాకిరీ పెట్టుబడి అని ఒప్పుకున్న లెక్క ఇది. అయితే సన్ జూ దాన్ని ఇళ్ల కోసం చెప్పలేదు. ఇంత ఖర్చవుతోంది కాబట్టి గూఢచారులకు డబ్బివ్వడానికి పిసినారితనం వద్దు అనడానికి చెప్పాడు.

కొత్త కంపెనీల కథల్లోనూ ఆ ఏడు ఇళ్లు కనిపించవు. కనిపించిన ఒక్క సందర్భం చూడండి. 1981లో ఇన్ఫోసిస్ మొదలైనప్పుడు సుధామూర్తి తను దాచుకున్న పది వేల రూపాయలు ఇచ్చారు. ఆమె స్వయంగా ఇంజినీరు. అయినా భార్యాభర్తలిద్దరూ ఒకే కంపెనీలో ఉండకూడదన్న నారాయణమూర్తి నియమం వల్ల ఆమె బయటే ఉండిపోయారు. ఆ నియమం తప్పని ఆయనే తర్వాత బహిరంగంగా అన్నారు. ఇన్నేళ్లూ ఆ పదివేల కథను త్యాగంగా చెప్పుకున్నాం. పెట్టుబడి అని ఎందుకు చెప్పుకోలేదు?

మన దగ్గర సన్ జూ పక్కన చాణక్యుణ్ణి నిలబెడుతున్నారు. 1905లో శామశాస్త్రి మైసూరులో గుర్తించి వెలుగులోకి తెచ్చిన అర్థశాస్త్రం ఇప్పుడు కార్పొరేట్ పాఠం. అందులో రెండో అధికరణంలో సూత్రాధ్యక్షుడనే ఉద్యోగి వస్తాడు. నూలు వడికే పనికి అతను ఎవరిని పెట్టుకోవాలో జాబితా ఉంది. వితంతువులు, వైకల్యం ఉన్నవాళ్లు, పెళ్లికాని పిల్లలు, సన్యాసినులు, గుడి కొలువు నుంచి తప్పుకున్న దేవదాసీలు, ముసలి రాజదాసీలు. వేరే దిక్కులేని ఆడవాళ్లందరూ ఉన్నారు. నూలు ఇవ్వడానికి వచ్చిన స్త్రీ ముఖం చూసినా, కూలి ఆలస్యం చేసినా అధికారికి జరిమానా వేయమన్నాడు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కూలి తీసుకుని పని చేయకపోతే మాత్రం ఆమె బొటనవేలు తీసేయాలని శామశాస్త్రి అనువాదం చెబుతుంది. అధికారి తప్పుకు డబ్బు, ఆమె తప్పుకు వేలు. వేలు పోయాక ఆమె ఏం వడుకుతుంది? ఏకలవ్యుడి బొటనవేలు మనందరికీ తెలుసు. ఈ బొటనవేలు గురించి ఏ నాయకత్వ తరగతిలోనూ నేను వినలేదు.

దీనికి జవాబుగా ఆడవాళ్లకు కూడా సేనాని కుర్చీ ఇస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. స్త్రీల కోసమే రాసిన 'యుద్ధకళ' పుస్తకాలు 2007 నుంచీ మార్కెట్లో ఉన్నాయి. కుర్చీలో మనిషి మారినంత మాత్రాన భేరి కింద నిలబడ్డవాళ్ల స్థితి మారదు.

ఆ కుర్చీ లేకుండా మొదలైన వ్యాపారమూ ఉంది. 1959లో ముంబయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తారు. మొదటిరోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదే లిజ్జత్. ఇవాళ అందులో నలభై వేలకు పైగా సభ్యులున్నారు. వాళ్లు ఉద్యోగినులు కారు, యజమానులు. లాభమూ నష్టమూ పంచుకుంటారు. దీన్ని స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. పిండి ఇంటికి తెచ్చుకుని ఒత్తడమంటే వంటింటి చాకిరీకి ఇంకో చాకిరీ తోడవడమే. ఇంటి పని ఎవరు పంచుకుంటారన్న ప్రశ్న అక్కడా తెగలేదు. కానీ పోటీదారును శత్రువనీ, పనిచేసేవాళ్లను సైన్యమనీ అనుకోకుండానే అరవై ఏళ్లు దాటి ఒక వ్యాపారం నిలబడింది. అది చాలా పెద్ద రుజువు.

వ్యాపారం పెట్టబోతున్న మన విద్యార్థినులకు సన్ జూను చదవొద్దని చెప్పనక్కర్లేదు. ఈ కథను వాళ్లచేత చదివించాలి, రెండో భేరి దగ్గర ఆపాలి. సేనాని ఇంకేం చేసి ఉండొచ్చు, ఆ నవ్వుకు అర్థమేమిటి, మీరు ఆ వరసలో ఉంటే ఏం చేసేవాళ్లు అని అడగాలి. ఆ జవాబులు ఏ వ్యూహగ్రంథంలోనూ లేవు. వాళ్లే రాయాలి.