తాలు ఏరే చేతులు

గుంటూరు మిర్చి యార్డు పేరు దేశమంతా తెలుసు. యార్డుకెళ్లే టిక్కీ బస్తాలో పడేముందు కాయ ఎన్ని చేతులు దాటుతుందో అమరావతి, క్రోసూరు వైపు కల్లాల్లో పెరిగినవాళ్లకు బాగా తెలుసు. నేను పెరిగింది అక్కడే.

మాఘం వచ్చిందంటే పొలాల్లో నేల ఎర్రబడేది. పండుకాయను పల్చగా పరచడం, ఎండను బట్టి తిరగేయడం, పొద్దుగూకేసరికి పోగేసి పట్టా కప్పడం. మంచుకు తడిస్తే రంగు పోతుంది, రంగుతోపాటే ధరా పోతుంది.

ఆ తరవాతిదంతా ఆడవాళ్ల నేర్పు. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని కుప్ప చుట్టూ కూర్చునేవారు. తెల్లబారిన తాలు ఒకవైపు, మేలుకాయ ఒకవైపు. ఎండిన కాయలో తేమ 10-11 శాతానికి మించకూడదంటారు. మా పక్కింటి అత్త దాన్ని గుప్పెటతోనే తేల్చేది. చెవి దగ్గర ఆడించి, గింజ గలగలమనకపోతే, "ఇంకో ఎండ పడనియ్యి అన్నయ్యా, బూజు పడుద్ది" అనేది. ఎంత ఆసామి అయినా ఆ మాట వినాల్సిందే. మరీ ఎండినా కష్టమే: కాయ చిట్లి గింజ రాలుతుంది.

లాం పరిశోధనా ఫారం 334 లాంటి మంచి మిర్చి రకాలిచ్చింది, నల్లరేగడి పండించింది. ఆ కాయను సరుకుగా నిలబెట్టింది మాత్రం ఈ ఆడవాళ్లే. ఇప్పటికీ కోల్డ్ స్టోరేజీల దగ్గర కిలోల లెక్కన తొడిమలు తీస్తున్నారు. రాత్రంతా చేతులు మండుతాయి. వాళ్లకు తొడుగులు, మంచి మాస్కులు ఇవ్వడం ఈ వ్యాపారానికి బరువేమీ కాదు.