సగం కుట్టిన బొంతల లెక్క

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చీర చిరిగినంత మాత్రాన దాని పని అయిపోదు. కట్టీ కట్టీ మెత్తబడిన నేతచీరని చేత్తో తడిమి చూసి ఇంట్లో పెద్దావిడ ఒకే మాట అంటుంది: “ఉండనీ, బొంతకొస్తాది.” దాంతో చీర మూటలో చేరుతుంది, మూట అటకెక్కుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ మధ్య మూటలే పెరుగుతున్నాయి, బొంతలు పెరగడం లేదు. మూట విప్పితే అన్ని దశల్లోవీ బయటపడతాయి. పరిచి కచ్చాకుట్లు వేసి మర్చిపోయిన బొంత ఒకటి, సగం వరసలు పడ్డాక సూది గుచ్చి అలాగే మడతపెట్టేసింది ఒకటి, మూడు వైపులా అంచు పడి నాలుగో వైపు నోరు తెరుచుకున్నది మరొకటి.

దీన్ని ఇంటి ఆడవాళ్ల బద్ధకం కింద జమకట్టడం మగవాళ్లకి తేలిక. నేను ఒప్పుకోను. మునుపు ఇంటికి గుడ్డ వచ్చేదే తక్కువ. రెండు మూడు చీరలు బొంతకి తగ్గట్టు నలిగేసరికి ఏళ్లు పట్టేది. అప్పటికి కోతలు, నూర్పులు అయిపోయి, ఎండలు ముదిరి, చేతులకి కాస్త తీరిక దొరికేది. వచ్చే గుడ్డకీ కుట్టే చేతికీ లెక్క సరిపోయేది. ఇప్పుడు పెళ్లికి, గృహప్రవేశానికి, చివరికి పరామర్శకి కూడా పెట్టుబడి చీరలే. వాటిలో ఎక్కువ భాగం సూరత్ మిల్లుల పాలిస్టరు. అవి చిరగవు, మెత్తబడవు, కట్టబుద్ధి కాదు, పారెయ్యబుద్ధి కాదు. అన్నీ మూటలోకే. ఇటు కుట్టే చేతులేమో విశాఖపట్నానికో హైదరాబాదుకో వెళ్లిపోయాయి. అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్లకీ సగంలో ఆగిన పనుల గుట్టలు ఉంటాయి గానీ, వాళ్ల గుట్ట కొత్త గుడ్డ ముచ్చటపడి కొనడం వల్ల పెరుగుతుంది. మన గుట్ట పాతగుడ్డ వదల్లేక పెరిగింది. అందుకే ‘కొనడం ఆపండి’ అన్న సలహా మనకి పనికిరాదు. ఏది బొంతకి పనికొస్తుందో, ఏది రాదో తేల్చుకోవడమే మనకి అసలు పని.

ఆ తేల్చడానికి బొంత కొలత తెలియాలి. చీర పొడవు దాదాపు అయిదున్నర మీటర్లు, వెడల్పు నలభై అయిదు అంగుళాలు. దాన్ని పొడవు వైపు మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకి కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. ఒంటి మంచానికి, ఒక మనిషికి సరిగ్గా అతికే కొలత. అంటే ఒక చీరకి మూడు పొరలు, రెండు చీరలకి ఆరు. ఉత్తర కోస్తా తీరంలో ధనుర్మాసపు చలికి ఆరు పొరలు చాలు. పాచిపెంట, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో చలికి మూడో చీర కావాలి. (2022 ఏప్రిల్‌లో ఆ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గానీ, చలి మాత్రం పాతదే.) తొమ్మిది పొరలు దాటితే సూది దిగడం కష్టం, ఉతకడం అంతకన్నా కష్టం. ఇంట్లో మంచాలెన్నో, మనుషులెందరో లెక్కేసుకుంటే మూటలో ఎన్ని చీరలు నిజంగా అవసరమో అక్కడే తేలిపోతుంది. మిగతావి బొంత పేరు చెప్పి చోటు ఆక్రమించుకున్నవి.

పొరలు ఎందుకు, ఒకే మందపాటి దుప్పటి కప్పుకోవచ్చు కదా అంటే, వెచ్చదనం గుడ్డ కంటే గుడ్డల మధ్య చిక్కిన గాలి వల్ల వస్తుంది. కుట్టు ఆ పొరల్ని జారకుండా పట్టి ఉంచుతుంది. దారం మరీ బిగలాగితే పొరలు అంటుకుపోయి బొంత అట్టలా తయారవుతుంది. మరీ వదులైతే నాలుగు ఉతుకులకే లోపలి గుడ్డ ఒక మూలకి ముద్దకడుతుంది. చేయి తిరిగినవాళ్లు దారం లాగాక అరచేత్తో వరసని ఒకసారి నిమురుతారు. ముడత పడితే దారం ఎక్కువ బిగిసినట్టు, అక్కడికక్కడే వదులు చేస్తారు.

పని అంతా పరవడంలోనే ఉంది. గంజి పూర్తిగా పోయేలా చీర ఉతికి ఆరేయాలి, లేకపోతే బొద్దింకలకి విందు పెట్టినట్టే. తుడిచిన నేల మీద అడుగు గుడ్డ పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, మధ్య నుంచి అంచులకి ముడతలు తోసేయాలి. చిరుగులున్న మడతలు లోపలికి, గట్టిగా ఉన్నవి పైకి. చిరుగు మీద చిరుగు పడకూడదు. చీర ముందుగా నలిగేది నడుమ, అంచు మాత్రం గట్టిగానే ఉంటుంది. కాబట్టి ఆ అంచుని కత్తిరించి బొంత చుట్టూ పట్టీగా వాడతారు. తర్వాత అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి కచ్చాకుట్లు. ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా కుట్టు మొదలుపెట్టినవే ఎక్కువగా సగంలో ఆగిపోతాయి. పదిహేను వరసలు పడేసరికి అడుగు పొర ఒక వైపుకి జారి ఉంటుంది, విప్పడానికి మనసు రాదు, మడిచి పైన పడేస్తారు.

కుట్టు మామూలు ముందుకుట్టే. కొందరు పొడవునా వరసలు వేస్తారు, కొందరు అంచు నుంచి మొదలుపెట్టి చతురస్రంలో చతురస్రంగా నడిమికి వస్తారు. ఉత్తర కర్ణాటకలో ఉండే సిద్ది స్త్రీలు కవందులనే తమ బొంతలని ఇలాగే అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు, పైన రంగుముక్కలు అతికిస్తూ. మన బొంతకి అంత అలంకారం ఉండదు. బెంగాలు కాంతాలో పాత చీర అంచుల నుంచి లాగిన రంగుపోగులతో పూలు, ఏనుగులు, రథాలు కుడితే స్టెల్లా క్రామ్రిష్ లాంటి కళాచరిత్రకారిణి 1939లోనే దాని మీద వ్యాసం రాసింది. అలబామాలోని గీస్ బెండ్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడకెక్కి, ఆ తర్వాత న్యూయార్క్ చేరాయి. అవన్నీ ఇంట్లో వాడుకోవడానికి కుట్టినవే, చూసే కన్ను తర్వాత వచ్చింది. మన బొంత మీద అలాంటి కన్ను పడలేదు. పడాలని నేను పెద్దగా ఆరాటపడటమూ లేదు. గోడకి తగిలించిన బొంత కింద ఎవరూ పడుకోలేరు.

అయినా విలువ మాట ఎత్తాక పొందూరు తలవకుండా ఉండలేం. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వి, ఏకి, వడికి, నేసే ఊరు అది. అంత చాకిరీతో పుట్టిన గుడ్డని చిరిగిందని పారెయ్యడం ఎవరికి చేతనవుతుంది? బొంత వెనక ఉన్నది పేదరికమే అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. నేతగాళ్ల కష్టాన్ని దగ్గర్నుంచి చూసిన ప్రాంతంలో గుడ్డకి రెండో బతుకు ఇవ్వడం మర్యాద.

సరే, మూట దించుదాం. ముందు అన్నీ ఎండలో వేయండి. తీరపు గాలికి బూజు పట్టినవి, ఎలక కొట్టినవి అక్కడే పక్కన పడతాయి. తర్వాత గుడ్డ చేత్తో పట్టి చూడండి. నూలుతో నూలు, పాలిస్టరుతో పాలిస్టరు. రెండూ కలిపి కుడితే ఉతికినప్పుడు నూలు కుదించుకుపోతుంది, పాలిస్టరు అలాగే ఉంటుంది, బొంత అంతా గుబ్బలు గుబ్బలుగా తేలుతుంది. ఎర్రచీర అయితే తడిపిన తెల్లగుడ్డతో ఒకసారి రుద్ది చూడాలి. రంగు అంటుకుంటే దాన్ని విడిగా రెండు మూడు సార్లు ఉతికాకే వాడాలి. పట్టుచీర జరీ గీసుకుంటుంది, దాన్ని బొంతలో పెట్టకండి.

ఇప్పుడు సగం కుట్టినవి. నలభై అయిదు అంగుళాల వెడల్పుకి అంగుళానికో వరస చొప్పున ఒక బొంతకి నలభై అయిదు వరసలు, వరసకి ఆరడుగులు. మొత్తం రెండువందల డెబ్భై అడుగులు, ఎనభై మీటర్ల పైచిలుకు కుట్టు. అర అంగుళానికో వరస అయితే ఇది రెట్టింపు. ఒక వరసకి మీ చేతికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసుకోండి. ఒక్కో బొంతకి మిగిలిన వరసలు లెక్కపెట్టి, చీటీ మీద రాసి పిన్నుతో గుచ్చండి: ‘ఇరవై రెండు వరసలు, ఒక వైపు పట్టీ.’ ‘కుట్టాలి’ అని మనసులో ఉన్న బరువు వేరు, ‘ఇరవై రెండు వరసలు’ అని చీటీ మీద ఉన్న బరువు వేరు. తక్కువ వరసలు మిగిలినదాంతోనే మొదలుపెట్టాలి. దానికంటే ముందు కుట్టదగింది ఒకటే, పసిబిడ్డ బొంత. ఇంట్లో కానుపు దగ్గరపడితే పొత్తిగుడ్డల పక్కన మెత్తని చిన్న బొంత కావాల్సిందే. పని చిన్నది, గడువు గట్టిది.

పెద్ద బొంతలకీ గడువు ఉంది. మన తీరానికి తుపాన్లు సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ శ్రీకాకుళం వైపు ఉద్దానం ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ముసురులో తడిసిన ఆరు పొరల బొంత ఆరడానికి రోజులు పడుతుంది, ఆరకపోతే వాసన పడుతుంది. కాబట్టి ఎండాకాలంలో పరిచి, దసరాకి ముందే ముగించడం మంచిది. ఒకసారి ఒకటే బొంత నేల మీద ఉండాలి. రెండోది పరిచారంటే రెండూ అటకెక్కుతాయి.

పోయినవాళ్లు సగంలో వదిలిన బొంత తేలితే ఏం చేయాలని చాలామంది తటపటాయిస్తారు. కుట్టెయ్యాలనే అంటాను. వాళ్ల వరసలు విప్పకుండా, వేరే రంగు దారంతో పక్కనే మొదలుపెట్టండి. ఇద్దరి కుట్టూ ఒకేలా ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ఇంట్లో ఎవరికీ కుట్టే చెయ్యి లేకపోతే, ఊళ్లో కుట్టేవాళ్లని పిలిచి, చీటీలో ఉన్న వరసల లెక్కన కూలి మాట్లాడుకుని ఇవ్వొచ్చు. చీటీ ఉంటే బేరం సూటిగా ఉంటుంది.

ఇక పాలిస్టరు. దాన్ని చేత్తో కుట్టొద్దు. సూది జారుతుంది, చెమట పీల్చదు, వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. మిషను మీద నాలుగు గీతలు కొట్టించి గోనెపట్టా మీద పరుపుకి అడుగున వేసుకోవచ్చు, మోటారు షెడ్డులో కాపలా మంచానికి ఇవ్వొచ్చు, పేలికలుగా చింపి జడలా అల్లి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలు చేయొచ్చు. కొత్తగా ఉన్నవి మడత విప్పకుండా ఎవరికైనా కట్టుకోడానికే ఇచ్చేయండి. ఇవన్నీ తీసేస్తే చాలా ఇళ్లలో మూట సగానికి సగం తగ్గిపోతుంది. మిగిలేది రెండు మూడు ఎండాకాలాల పని.