ఒక్క కాల్పు, వేయి వేళ్లు

స్పెయిన్‌లో వాలెన్సియా పక్కన అల్మాసెరా అనే ఊళ్లో హువాన్, హోసే, విసెంతె అనే ముగ్గురు లాడ్రో అన్నదమ్ములు 1953లో పింగాణీ పని మొదలుపెట్టారు. తొలి బట్టీ ఇంటి పెరట్లోనే ఉండేదట. మట్టి మామూలుదే: చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. పాళ్లు మాత్రం ఇంటి గుట్టు.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి పని. శిల్పి చేసిన మూలరూపాన్ని ముక్కలుగా కోసి, ముక్క ముక్కకీ ప్లాస్టర్ అచ్చు తీస్తారు. పెద్ద శిల్పానికి ఆ అచ్చులు వందల్లోకి పోతాయి. అచ్చులో పోసిన పలుచని పింగాణీ ద్రవంలోని నీటిని ప్లాస్టర్ పీల్చుకుంటుంది, గోడకు పొర కడుతుంది, మిగిలినది వంపేస్తారు. ముక్కల్ని అదే ద్రవంతో అతికిస్తారు, అతుకు కనిపించకూడదు. పూలకైతే అచ్చే లేదు, రేకు రేకూ వేళ్లతో చేయాల్సిందే!

జర్మనీలోని మైసెన్ పింగాణీ అభిమానులు కోప్పడినా సరే, చెప్పేస్తాను. 1731లో అక్కడ చేరిన శిల్పి కాండ్లర్ మహానుభావుడే, కాదనను. కానీ పాత పద్ధతిలో ఒకసారి కాల్చి, మెరుపు పూత పూసి మళ్లీ కాల్చి, రంగులద్ది ఇంకోసారి కాలుస్తారు. దిద్దుకునే వీలుంటుంది. లాడ్రోవాళ్లు పచ్చి మట్టి మీదే రంగులు వేసి, పూత చల్లి, దాదాపు 1300 డిగ్రీల దగ్గర ఒక్కసారే కాలుస్తారు. అసలు రంగు బట్టీలోంచి వచ్చాకే తెలుస్తుంది కనుక, ఆ చిత్రకారులది కళ్లు మూసుకుని ముగ్గేసే పని. పైగా మంటలో బొమ్మ కుంచించుకుపోతుంది. చాచిన చేయి వాలకుండా అదే మట్టితో ఊతాలు పెడతారు, రెండూ కలిసే కుదించుకోవాలి కదా.

లాడ్రో శిల్పి ఫుల్హెన్సియో గార్సియా చెక్కిన విషాద హార్లెక్విన్‌ని, ఆ దిగులు విదూషకుణ్ని చూడండి. ఆ సాగదీసిన కాళ్లూ చేతులే దిగులును మోస్తాయి. లాడ్రో శైలికి గుర్తు ఆ పొడవే. దాన్ని బద్దలుకొట్టినవాడు డిజైనర్ హైమె హయోన్. అతని 'ది గెస్ట్' గుండ్రంగా, ఆటబొమ్మలా ఉంటుంది. ఒకే దేహాన్ని గ్యారీ బేస్‌మన్, టిమ్ బిస్కప్ లాంటి కళాకారుల చేతికిచ్చి, తలా ఒక తీరున అలంకరింపజేసి పరిమిత సంఖ్యలో విడుదల చేశారు. పాత సేకర్తలు ముక్కు విరిచారు. నాకు నచ్చింది, ధైర్యం ఉంది దాంట్లో.

మన దేవుళ్లూ ఆ బట్టీలోంచి వచ్చారు. వీణ గణపతి, మృదంగ గణపతి! వాలెన్సియా చేతులు మృదంగం మీద ఆ బుజ్జి వేళ్లను కూర్చిన తీరుకు దండం పెట్టాలి.

అందుకే మన బజార్లలో రెజిన్ పోతబొమ్మకు మెరుగు పూసి, 'లాడ్రో స్టైల్' అని, చేతికో రంగుల సర్టిఫికెట్ ఇచ్చి అమ్ముతుంటే ఒళ్లు మండుతుంది. వేళ్లు ముద్దకట్టి ఉంటాయి, పూలన్నీ ఒకే అచ్చువి, 'లిమిటెడ్ ఎడిషన్' అంటారు గానీ ఎన్నో చెప్పరు. అసలుదాంట్లో ప్రకటించిన సంఖ్య పూర్తయితే అచ్చులు పగలగొడతారు. సర్టిఫికెట్‌కి మురిసిపోకండి బాబూ, బొమ్మ అడుగు తిప్పి చూడండి: నీలిరంగు గంటపువ్వు ముద్ర ఉందా, 'లిమిటెడ్' అన్నదానికి ఎడిషన్ సంఖ్య ఉందా? లేకపోతే ఆ అంగడివాడిని నలుగురి ముందే నిలదీయండి.